మచ్చ వేరు, పుచ్చు వేరు: నల్లగొండ పళ్లకు ఏ వైద్యం ఎంచుకోవాలి?

ఆరేళ్ల కిందట మా మేనకోడలికి పెళ్లి కుదిరింది. ముహూర్తానికి రెండు నెలలు ఉందనగా ఫోను చేసి, “మామయ్యా, ముందు పళ్లు ఆరింటినీ అరగదీసి క్యాపులు తొడుగుతామంటున్నారు. ఫొటోల్లో ముత్యాల్లా ఉంటాయట. వేయించుకోమంటావా?” అని అడిగింది. నల్లగొండ జిల్లా మునుగోడు వైపు పల్లెలో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్ల. పై పళ్ల మీద సుద్దగీతలు, రెండింటి మీద ఇటుక రంగు మచ్చలు. నా పళ్లూ అంతే, కాకపోతే ఇంకా ముదురు. మా బడి పాత గ్రూపు ఫొటోలో పళ్లు కనిపించేలా నవ్వినవాడు ఒక్కడూ లేడు.

నేను దంతవైద్యుణ్ణి కాను, బడిపంతులును. అయితే పళ్ల డాక్టర్ల కుర్చీల్లో చాలా గంటలు నోరు తెరుచుకుని కూర్చున్నాను, కొన్ని ఎంపికలు తప్పుగా చేశాను. వాటి నుంచి నేర్చుకున్నది ఒక ప్రశ్న. ఎంత ఖర్చవుతుంది, ఎన్నిసార్లు రావాలి, ఎంత తెల్లగా వస్తుంది అని అడిగే ముందు, “ఈ పని పూర్తయ్యాక నా సొంత పన్ను ఎంత మిగులుతుంది?” అని అడగాలి. పంటి పైపొర అయిన ఎనామిల్ గోరులాగా, వెంట్రుకలాగా మళ్లీ పెరిగేది కాదు. అరగదీసింది పోయినట్లే. రెండు చికిత్సలలో ఏది మేలో తేల్చుకోలేనప్పుడు ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా వరకు దారి దొరుకుతుంది.

ముందు మచ్చో, పుచ్చో తేల్చుకోవాలి

మా ప్రాంతంలో ఈ రెండింటినీ కలిపేసి చూడటం అలవాటు. నల్లగా కనిపించిన ప్రతి పన్నుకూ “ఫ్లోరైడ్ నీళ్ల వల్ల” అని చెప్పి ఊరుకుంటారు. ఫ్లోరైడ్ మచ్చ పడేది పన్ను దవడలో తయారవుతున్న వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్లలోపు. పన్ను బయటికి వచ్చేసరికే అది అందులో ఉంటుంది. మొదట సుద్ద రాసినట్టు తెల్లగా ఉండి, ఆ పొర గుల్లగా ఉండటం వల్ల రంగు పీల్చుకుని కొన్నేళ్లకు గోధుమ రంగుకు తిరుగుతుంది. కుడివైపు పన్ను మీద ఎలా ఉంటుందో, ఎడమవైపు దాని జత పన్ను మీద కూడా దాదాపు అలాగే ఉంటుంది.

పుచ్చు అలా జతగా రాదు. ఒక పన్నుకు, అదీ నమిలే చోట గాడిలోనో, రెండు పళ్ల సందులోనో మొదలవుతుంది. అన్నం ఇరుక్కుంటుంది, చల్లటి నీళ్లు తాకితే జివ్వుమంటుంది. ముప్ఫై ఏళ్లు దాటాక కొత్తగా కనిపించిన నల్లచుక్క ఫ్లోరైడ్‌ది అయ్యే అవకాశం లేదు. నా కింది దవడ పన్ను మీది చుక్కను నాలుగేళ్ల పాటు “మా ఊరి నీళ్ల గుర్తు” అనుకుని వదిలేశాను. ఆ పన్ను ఇప్పుడు లేదు.

ఇంకొక సంగతి. ఫ్లోరైడ్ పళ్లు పుచ్చవని కొందరి నమ్మకం. తేలికపాటి గీతలు ఉన్న పళ్లకు పుచ్చును తట్టుకునే శక్తి కొంత ఎక్కువన్న మాట నిజమే. కానీ గుంటలు పడి పెచ్చులు లేచిన పళ్లలో పాచి చేరి, అవీ పుచ్చుతాయి.

మచ్చలకు: తేలికైన దాని నుంచి మొదలుపెట్టండి

ముందు చేయకూడనివి చెబుతాను. ఇటుక పొడి, బొగ్గు, కచ్చిక బూడిద, ఉప్పు వేసి తోమితే ఈ మచ్చ పోదు. అది పంటి మీద అంటుకున్నది కాదు, పంటిలోనే ఉన్నది. గుల్లబారిన ఎనామిల్ ఆ రాపిడికి ఇంకా తొందరగా అరిగిపోతుంది. నాకు పదిహేడేళ్లప్పుడు ఒక జాతరలో చిన్న సీసా ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి దూదితో నా ముందు పళ్లు రుద్దాడు. అద్దంలో చూసుకుంటే నిజంగానే తెల్లబడ్డాయి. రెండు రోజులు ఊరంతా నవ్వుతూ తిరిగాను. మూడో రోజు నుంచి మంచినీళ్లు తాగాలంటే భయం. ఆ సీసాలో ఉన్నది ఆమ్లమని చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరు చెబితే తెలిసింది.

చిత్రమేమిటంటే క్లినిక్‌లో చేసే మొదటి చికిత్స కూడా ఆమ్లంతోనే. మైక్రో అబ్రేషన్ అంటారు. చిగుళ్లకు రబ్బరు తెర కట్టి, కొలిచిన మోతాదులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సన్నటి గరుకు పొడి కలిసిన లేహాన్ని పంటి మీద రుద్ది, కడిగి, మళ్లీ రుద్దుతారు. పోయే ఎనామిల్ మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే పదిలో రెండు వంతులు. పైపైన ఉన్న గోధుమ మచ్చలకు ఇది బాగా పనిచేస్తుంది. లోతుగా దిగిన వాటికి చాలదు. మత్తు ఇంజెక్షను అక్కర్లేదు, ఖర్చూ మిగతా వాటికంటే తక్కువ. జాతర సీసాకూ దీనికీ తేడా కొలత, తెర, చేసే చెయ్యి.

బ్లీచింగ్‌లో పంటిని అరగదీయడం ఉండదు. మందు రంగును విరుస్తుంది. క్లినిక్‌లో గాఢమైన మందుతో చేస్తారు, లేదా మీ పళ్ల అచ్చుతో ట్రే తయారు చేసి, తక్కువ గాఢత గల మందు రాత్రుళ్లు ఇంట్లో పెట్టుకోమంటారు. రెండోది నిదానం కానీ జివ్వుమనడం తక్కువ. ఒక తిరకాసు ఉంది. గోధుమ మచ్చ తేలిపోతుంది గానీ సుద్ద మచ్చ మొదటి కొన్ని రోజులు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది అక్కడే బెదిరి ఆపేస్తారు. తెల్ల మచ్చలకే ప్రత్యేకంగా గుల్ల పొరలోకి పల్చని రెసిన్ (గట్టిపడే జిగురు లాంటిది) ఇంకించే పద్ధతి కూడా ఉంది. ఎక్కడ చేస్తారో అడిగి తెలుసుకోవాలి.

ఇవి చాలనప్పుడు కాంపోజిట్. పంటి రంగు రెసిన్‌ను మచ్చ మీద పూసి, నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఒక్క పూటలో అవుతుంది, పన్ను పోయేది చాలా కొంచెం. ఐదారేళ్లకు అంచులు విరగవచ్చు, టీ కాఫీలకు రంగు మారవచ్చు. విరిగితే అక్కడికక్కడే అతుకు వేయవచ్చు, మొత్తం పీకి మళ్లీ చేయనక్కర్లేదు. అందుకే నాకు ఇదంటే ఇష్టం. బ్లీచింగ్ అయిన వెంటనే మాత్రం కాంపోజిట్ వేయించుకోకూడదు, సరిగా అంటదు. కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఆగాలి. పెళ్లిళ్ల హడావిడిలో తప్పు జరిగేది ఇక్కడే.

వెనీర్ అంటే పంటి ముందు భాగాన్ని అర మిల్లీమీటరు అటూ ఇటూ చెక్కి, మీద అతికించే పింగాణీ పలక. అందం విషయంలో దీనికి సాటి లేదు, పదేళ్ల పైన నిలుస్తుంది, రంగు మారదు. కానీ ఒకసారి చెక్కాక వెనక్కి వెళ్లే దారి లేదు. బతికినంత కాలం ఆ పంటికి ఏదో ఒక పలక ఉండాల్సిందే. ఇరవై రెండేళ్ల అమ్మాయి వెనీర్ వేయించుకుంటే జీవితంలో మూడు నాలుగు సార్లు మార్పించుకోవాలి. ఆ ఖర్చు మొదటి రోజు బిల్లులో కనిపించదు.

క్యాప్ అన్నిటికంటే ఎక్కువ పన్నును తింటుంది. చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర చెక్కాలి. పెచ్చులు లేచి, ఆకారమే పోయిన పళ్లకు అది న్యాయమే. మచ్చ కోసం, అదీ చిన్న వయసులో, క్యాప్ వేయించుకోవడం నా దృష్టిలో గోడకు మరక పడిందని గోడ కూల్చడం. పడుచు వయసులో పంటి లోపలి నరం ఉన్న గది పెద్దదిగా ఉంటుంది, చెక్కేటప్పుడు దాని దగ్గరికి వెళ్లే ప్రమాదం ఎక్కువ.

మేనకోడలికి నేను చెప్పింది ఇంకో డాక్టరుకు చూపించమని. ఆ రెండో డాక్టరు నాలుగు పళ్లకు మైక్రో అబ్రేషన్, తర్వాత ట్రేతో బ్లీచింగ్, పెళ్లికి పది రోజుల ముందు రెండు పళ్లకు కాంపోజిట్ చేశారు. ముత్యాల్లా రాలేదు. సుద్ద గీతలు దగ్గరికి వెళ్లి చూస్తే ఇప్పటికీ తెలుస్తాయి. పెళ్లి ఫొటోల్లో మాత్రం పిల్ల నోరారా నవ్వుతూ ఉంది.

పుచ్చితే: నింపాలా, నరం తీయాలా, పీకాలా?

ఇక్కడ ఎంపిక మన చేతిలో ఉండేది మొదట్లోనే. పుచ్చు పైపొరలోనో, దాని కింది పొరలోనో ఉన్నప్పుడు ఫిల్లింగ్‌తో ఒక్క పూటలో పని ముగుస్తుంది. పన్ను దాదాపు మొత్తం మిగులుతుంది. పంటి రంగు కాంపోజిట్ అంటుకుని ఉంటుంది కాబట్టి దాని కోసం ఎక్కువ తవ్వనక్కర్లేదు. జనం “సిమెంటు” అని పిలిచే రకం నమిలే ఒత్తిడికి కాస్త తొందరగా అరుగుతుంది గానీ పిల్లల పళ్లకు, చిగురు అంచున పడ్డ గుంటలకు మంచిది. వెండి ఫిల్లింగ్ గట్టిదే, అయితే అందులో పాదరసం ఉండటంతో వాడకం తగ్గిపోతోంది.

పుచ్చు నరాన్ని తాకితే లెక్క మారుతుంది. చల్లనిది తాగాక జివ్వుమనడం రెండు క్షణాల్లో పోతే ఇంకా సమయం ఉన్నట్టే. నిమిషాల తరబడి లాగుతూ ఉంటే, రాత్రి పడుకోగానే పోటు మొదలైతే, నరం దెబ్బతిన్నదన్నమాట. అప్పుడు మిగిలేవి రెండే దారులు, రూట్ కెనాల్ (లోపలి నరం తీసి, ఆ చోటు శుభ్రం చేసి నింపడం) లేదా పీకించడం. మందుల షాపులో అడిగి కొనుక్కున్న యాంటీబయాటిక్ ఆ పోటును నయం చేయదు. నేను అలాగే ఐదు రోజులు మాత్రలు మింగాను. ఆరో రోజు నొప్పి మాయమైంది. తగ్గిందని సంతోషించాను కానీ, జరిగింది నరం చచ్చిపోవడం. ఏడాది తర్వాత దవడ వాచి, చీము పట్టి, పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. లవంగ నూనె దూదితో పెట్టుకుంటే కాసేపు మొద్దుబారుతుంది, డాక్టరు దగ్గరికి చేరేదాకా పనికొస్తుంది. జర్దా, పెట్రోలు, చిగురు మీద మాత్ర నూరి పెట్టడం వంటివి ఆ చోటంతా కాల్చి పెడతాయి.

రూట్ కెనాల్‌లో వేర్లు, పంటి డొల్ల మిగులుతాయి. నరం పోతుంది. దవడ పన్నుకైతే తర్వాత క్యాప్ తప్పనిసరి. మన దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు నొప్పి పోయింది కదా అని క్యాప్ మానేయడం. డొల్ల పన్ను ఒక రోజు మటన్ బొక్క కొరికినప్పుడో, వేయించిన శనగలు నమిలినప్పుడో నిలువునా చీలుతుంది. అప్పుడిక పీకడమే. పెట్టిన డబ్బు, తిరిగిన తిరుగుడు అన్నీ వృథా. చేతిలో క్యాప్ డబ్బులు లేకపోతే ఆ మాట మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పండి. వెనక దవడ పన్నుకు పంటి రంగు క్యాప్ అవసరమా అని కూడా అడగండి. లోహపు క్యాప్‌కు తక్కువ చెక్కితే చాలు, చౌక, పగలదు. రంగు తప్ప దానికి వంక లేదు, ఆ రంగు చూసేవాళ్లూ లేరు.

పీకించడం ఎప్పుడూ తప్పే అనను. ఎముక కరిగి ఊగిపోతున్న పన్ను, వేరు దాకా చీలిన పన్ను, వంకరగా ఇరుక్కుని మాటిమాటికీ వాచే జ్ఞానదంతం, వీటిని ఉంచడం కోసం డబ్బు పోయడం దండగ. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందన్న మాట మాత్రం నమ్మకండి. మా నాన్న ఆ భయంతోనే పదేళ్లు కుళ్లిన పన్నును మోశాడు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు పీకించే ముందు ఆ సంగతి చెప్పాలి. పీకాక ఆ రోజంతా పుక్కిలించకూడదు, బీడీ సిగరెట్ ముట్టకూడదు. గడ్డకట్టిన రక్తమే అక్కడి పుండుకు మూత, అది ఊడితే నరకం.

పోయిన పంటి చోట

ఖాళీని వదిలేస్తే పక్క పళ్లు ఆ వైపు ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికి దిగుతుంది. అలాగని ప్రతి ఖాళీనీ నింపాల్సిన పని లేదు. అన్నిటికంటే వెనక ఉన్న పన్ను ఒక్కటి పోతే చాలామంది ఇబ్బంది లేకుండానే గడిపేస్తారు.

తీసి పెట్టుకునే పన్ను చౌక, ఏ పన్నునూ చెక్కనక్కర్లేదు. నేను మూడేళ్లు వాడాను, అందులో రెండేళ్లు అది అల్మారాలోనే ఉంది. బ్రిడ్జి, అంటే పక్క పళ్ల ఆసరాతో బిగించే పన్ను, వారం పది రోజుల్లో అయిపోతుంది, గట్టిగా ఉంటుంది. కానీ అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను క్యాపుల కోసం చెక్కాలి. ఆ రెండింటికీ అప్పటికే పెద్ద ఫిల్లింగులు, క్యాపులు ఉంటే బ్రిడ్జే సరైనది. అవి నిక్షేపంలా ఉంటే ఒకటి పోయిందని ఇంకో రెండింటిని బలి పెట్టడం నాకు నచ్చలేదు. ఇంప్లాంట్‌లో దవడ ఎముకలో టైటానియం మర బిగించి, అది ఎముకతో కలిసిపోయాక, అంటే మూడు నుంచి ఆరు నెలలకు, మీద పన్ను పెడతారు. పక్క పళ్ల జోలికి పోదు. ఖర్చు అన్నిటికంటే ఎక్కువ. షుగర్ అదుపులో లేకపోయినా, పొగ తాగినా, చిగుళ్ల జబ్బు ఉన్నా ఊడిపోయే ప్రమాదం పెరుగుతుంది. నేను చివరికి డబ్బు కూడబెట్టి అదే వేయించుకున్నాను.

మొత్తం కట్టుడు పళ్లు వాడే పెద్దవాళ్లకు ఒక్క మాట. రాత్రి తీసి నీళ్లలో వేయాలి. చిగుళ్ల కింది ఎముక ఏటా కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి కొన్నేళ్లకు సెట్టు వదులవుతుంది. అది పళ్లు చేసినవాళ్ల తప్పు కాదు.

చిగుళ్లు

తోముతుంటే రక్తం వస్తే తోమడం మానేస్తారు, అది తిరగబడ్డ తెలివి. రక్తం వచ్చేది పాచి, గార పేరుకున్నందుకే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని ప్రతి ఊళ్లోనూ ఒకరు చెబుతారు. ఎముక అంతకుముందే కరిగి ఉంటుంది, గార సిమెంటులా పట్టి ఉంచుతుంది. గార తీయగానే నిజం బయటపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది, చిగుళ్ల జబ్బు షుగరును అదుపులోకి రానివ్వదు.

వేప పుల్లా, బ్రషా అంటే నేను మెత్తటి బ్రష్ వైపు. పుల్లను నమిలి కుంచెలా చేసుకుంటే ముందు పళ్లకు బాగానే ఉంటుంది, దవడ పళ్ల లోపలి వైపుకు చేరదు. ఏది వాడినా రాత్రి పడుకునే ముందు తోమడం ముఖ్యం. గుట్కా, ఖైనీ అలవాటు ఉండి నోరు మునుపటంత తెరుచుకోకపోతున్నా, నోట్లో పుండు రెండు వారాలకు మానకపోయినా ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి.

ఎక్కడ చేయించాలి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లో ప్రైవేటు క్లినిక్‌లకు కొదవ లేదు. ఫిల్లింగ్, క్లీనింగ్, మామూలు రూట్ కెనాల్‌కు ఇంటికి దగ్గరిది చాలు. బీడీఎస్ చదివి, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరై ఉండాలి. ఎక్స్‌రే తీయకుండా రూట్ కెనాల్ మొదలుపెట్టేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. శుద్ధి చేసి సీలు వేసిన పనిముట్ల సంచిని మీ ఎదుటే చింపారా లేదా చూడండి, అడగడానికి మొహమాటం వద్దు.

పని పెద్దదై, డబ్బు తక్కువై, సమయం ఉన్నవాళ్లకు డెంటల్ కాలేజీలు నయం. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నాయి. చేసేది విద్యార్థులే, కానీ ప్రతి మెట్టులోనూ ప్రొఫెసర్ చూస్తారు. క్లినిక్‌లో గంటలో అయ్యే పనికి అక్కడ ఒక పూట పోతుంది, నాలుగుసార్లు తిరగాలి. కూలి పోగొట్టుకుని తిరిగేవాళ్లు ఆ రోజుల కూలిని కూడా ఖర్చులో కలిపి చూసుకోవాలి.

దవడ కింద మెడ దాకా వాపు దిగి, మింగడం కష్టమై, జ్వరం వస్తే ఇవేవీ కాదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

నీళ్లూ, పేస్టూ

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉండాలని, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన జాతీయ ప్రమాణం. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ, యూవీ దీపమూ దాన్ని ఆపలేవు. ఆర్ఓ ఆపుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసి మా నల్లగొండ పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్ అంటే ఇథియోపియా, టాంజానియాల్లో కూడా తెలుసు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, ఆ తర్వాత కృష్ణా నీళ్లు మా ఊరి నల్లాల్లోకి వచ్చాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించండి.

పేస్టు మీద వాదన మా ఇళ్లలో తెగదు. ఫ్లోరైడ్‌తో పళ్లు పాడైన ఊళ్లో ఫ్లోరైడ్ పేస్టు ఎందుకని. పెద్దవాళ్లు ఉమ్మేస్తారు కాబట్టి నిశ్చింతగా వాడవచ్చు, వాళ్ల పళ్లు ఎప్పుడో తయారైపోయాయి. మింగే వయసు పిల్లల విషయంలోనే జాగ్రత్త. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు బఠానీ గింజంత, పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉమ్మించాలి. బోరు నీళ్లు తాగే పిల్లలకు ఏ పేస్టో డాక్టరును అడిగి తేల్చుకోండి.

మేనకోడలి కూతురికి ఇప్పుడు నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచి కృష్ణా నీళ్లే. మా వంశంలో అంత తెల్లటి ముందు పళ్లు ఎవరికీ లేవు. మొన్న దసరాకు వచ్చినప్పుడు నోరు తెరిపించి చూస్తే వెనక పాల పళ్లు రెండు పుచ్చి ఉన్నాయి. రాత్రి పాలసీసా, పగలు బిస్కెట్లు. “ఊడిపోయే పళ్లే కదా” అంది మా అక్క. వెనక పాల పళ్లు పదీ పన్నెండేళ్ల దాకా ఉండాలి, కింద వచ్చే పళ్లకు చోటు పట్టి ఉంచేవి అవే. డాక్టరు రెండు దారులు చెప్పారు. తవ్వి సిమెంటు నింపడం ఒకటి. పిల్ల కుర్చీలో కుదురుగా కూర్చోకపోతే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే చుక్కల మందు పూయడం రెండోది. తవ్వేది లేదు, ఇంజెక్షను లేదు, పుచ్చు చాలా వరకు అక్కడే ఆగుతుంది. కాకపోతే ఆ చోటు శాశ్వతంగా నల్లబడుతుంది.

మేనకోడలు మళ్లీ ఫోను చేసింది. “మామయ్యా, నల్ల మచ్చ పడుతుందట. వేయించమంటావా?” అంది. వెనక పళ్లకే కదా అన్నాను. మర్నాడే వేయించింది.